గోడ, సీలింగ్ కలిసే మూల: క్రౌన్ మోల్డింగ్ మీద మీ సందేహాలు

పోయినసారి తలుపు చట్రాల గురించి రాస్తూ మాటవరసకి క్రౌన్ మోల్డింగ్ పేరెత్తాను. అంతే, ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాని మీదే. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: గోడ పైకి వెళ్లి సీలింగ్‌ని తాకే చోట, ఆ మూలకి అడ్డంగా ఏటవాలుగా బిగించే నగిషీ బద్దనే క్రౌన్ మోల్డింగ్ అంటాం. కార్నిస్ అనేవాళ్లు ఉన్నారు, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) బోర్డర్ అనేవాళ్లూ ఉన్నారు. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒకటిగా కలిపేశాను, ఏమనుకోవద్దు.

ప్రశ్న: సార్, చెక్క మోల్డింగ్ కొని నేనే బిగిద్దామని మొదలుపెట్టాను. మూల 90 డిగ్రీలు కదా అని రెండు ముక్కల్నీ 45కి కోశాను. మొదటిసారి కోత తిరగబడి వచ్చింది. రెండోసారి కోత బాగానే ఉన్నా అతుకు దగ్గర అగ్గిపుల్ల దూరేంత సందు. ఇప్పటికి మూడు బద్దలు పాడయ్యాయి. తప్పు నాదా, రంపానిదా?

సగం మీది, సగం మీ గోడలది. రంపాన్ని వదిలేయండి పాపం.

ముందు మీ సగం సంగతి చూద్దాం. ఈ బద్ద గోడకి చదునుగా అతుక్కునేది కాదు, మూలలో వాలుగా నిలబడుతుంది, దాని వెనకాల ముక్కోణంలో ఖాళీ ఉంటుంది. గోడకీ బద్ద వీపుకీ మధ్య ఉండే ఆ వాలుని స్ప్రింగ్ యాంగిల్ అంటారు. ఎక్కువగా దొరికేవి రెండు రకాలు, 38 డిగ్రీలది, 45 డిగ్రీలది. మీ దగ్గరున్నది ఏదో తెలియాలంటే చిన్న ముక్క తీసుకుని మూలమట్టం లోపలి మూలలో, వెనక అంచులు రెండూ పూర్తిగా ఆనేలా నిలబెట్టండి. రెండు వైపులా కొలత సమానంగా వస్తే 45. గోడ వైపు ఎక్కువ, సీలింగ్ వైపు తక్కువ వస్తే 38. ఇది చూసుకోకుండా బద్దని రంపం బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉత్త 45కి కోస్తే అది ఏ మూలకీ పనికిరాదు. పడుకోబెట్టే కొయ్యాలనుకుంటే రంపాన్ని రెండు రకాలుగా తిప్పాలి: బల్ల మీద కుడికో ఎడమకో తిప్పే కోణం మైటర్, బ్లేడుని పక్కకి వాల్చే కోణం బెవెల్. 90 డిగ్రీల మూలకి, 38 రకమైతే మైటర్ 31.6, బెవెల్ 33.9. 45 రకమైతే మైటర్ 35.3, బెవెల్ 30. బాగా వెడల్పు బద్దలకి ఇదొక్కటే దారి, నిలబెడితే అవి రంపం కింద పట్టవు.

మామూలు సైజు బద్దలకి ఇంకో తేలిక పద్ధతి ఉంది, నేను వాడేది అదే. రంపం వెనక నిలువుగా ఉండే పట్టీని, అదే ఫెన్స్‌ని, గోడ అనుకోండి. కింద బల్లని సీలింగ్ అనుకోండి. ఇల్లు తలకిందులైందన్నమాట. సీలింగ్‌కి తగలాల్సిన అంచు బల్ల మీద, గోడకి తగలాల్సిన అంచు ఫెన్స్‌కి, ఆ వాలులోనే కదలకుండా పట్టుకుని కొయ్యండి. అప్పుడు ఈ పాయింట్ల లెక్కలేవీ అక్కర్లేదు, మైటర్ 45 పెడితే చాలు. కాకపోతే పైది కిందికి రావడంతో కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. మీ మొదటి బద్ద తిరగబడింది ఇక్కడే అయ్యుంటుంది. దీనికి నేను పెట్టుకున్న గుర్తు: లోపలి మూలకి కోసిన ముక్కలో గోడకి తగిలే అంచు పొడుగ్గా ఉండాలి, బయటికి పొడుచుకొచ్చే మూలకి కోసిన ముక్కలో సీలింగ్‌కి తగిలే అంచు పొడుగ్గా ఉండాలి. రంపం ఆన్ చేసే ముందు ఈ ఒక్కటీ సరిచూసుకుంటే బద్ద వృథా కాదు. ఇంకా మంచిది, పనికిరాని ముక్కలతో నాలుగు నమూనాలు చేసి, లోపలి మూల కుడి, లోపలి మూల ఎడమ, బయటి మూల కుడి, బయటి మూల ఎడమ అని వెనక పెన్సిల్‌తో రాసి రంపం పక్కనే పెట్టుకోండి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న కార్పెంటర్లు కూడా ఇవి దాచుకుంటారు. అందులో సిగ్గేం లేదు.

ఇక గోడల సగం. మూల 90 ఉంటుందని ఎవరు చెప్పారండీ మీకు? ఇటుక కట్టుబడి మీద ప్లాస్టరింగ్, దాని మీద లప్పం, దాని మీద రంగు, ఇన్ని పొరలు పడ్డాక సరిగ్గా 90 మిగిలే మూల తక్కువ. ఒక మూల 88 ఉంటుంది, ఇంకోటి 92 ఉంటుంది. 3 అంగుళాలు ముందుకొచ్చే బద్దకి 2 డిగ్రీల తేడా వస్తే అతుకు ఒక కొసన దాదాపు 4 మిల్లీమీటర్లు నోరు తెరుస్తుంది, మీరు చెప్పిన అగ్గిపుల్ల సందు అదే. బెవెల్ గేజ్‌తోనో, యాంగిల్ ఫైండర్‌తోనో ప్రతి మూలనీ విడిగా కొలవండి. వచ్చిన డిగ్రీల్ని 180 లోంచి తీసేసి సగం చేయండి. 92 అయితే 44, 88 అయితే 46. రంపం మీద పెట్టాల్సింది ఆ అంకె. చాలామంది 92లో సగం 46 అని పెట్టేస్తారు, దాంతో తప్పు రెండింతలవుతుంది.

ఇంత చేసినా లోపలి మూలలకి నేను మైటర్ అతుకు, అంటే రెండు ముక్కల్నీ ఏటవాలుగా కోసి కలిపే అతుకు, వెయ్యను. కోపింగ్ చేస్తాను, అంటే ఒక ముక్క కొసని రెండోదాని వంపులకి సరిపడేలా కోస్తాను. కొత్తలో నేనూ మీలాగే 45, 45 కోసి, వచ్చిన సందులో లప్పం కూరి, రంగేసి, చాలా గొప్పగా చేశాననుకున్నాను. వాతావరణం మారి చెక్క కాస్త ఆరేసరికి ఆ లప్పం పెచ్చు ఊడి ఇంటివాళ్ల సోఫాలో పడింది. మళ్లీ వెళ్లి సొంత ఖర్చుతో చేసిచ్చాను. ఆ దెబ్బతో నేర్చుకున్నదే కోపింగ్.

మొదటి ముక్కని నిటారుగా కోసి, గోడ మూల దాకా తీసుకెళ్లి ఆనించి బిగించేయండి. రెండో ముక్కని లోపలి మూల కోతే 45కి కొయ్యండి. అలా కోస్తే మోల్డింగ్ వంపులన్నీ కోత అంచు మీద గీసినట్టు కనిపిస్తాయి. ఆ అంచు వెంట పెన్సిల్ రుద్దితే గీత ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇప్పుడు సన్నని బ్లేడుండే కోపింగ్ రంపంతో ఆ గీత వెంటే వంపులు తిరుగుతూ కొయ్యండి, రంపాన్ని వెనక్కి వాల్చి పట్టుకోండి, వెనక వైపు చెక్క ఎక్కువగా పోవాలి, ముందు అంచు ఒక్కటే సన్నగా మిగలాలి. మిగిలిన గరుకుని గుండ్రటి ఆకురాయితో సరిచేయండి. ఈ ముక్క తీసుకెళ్లి మొదటిదాని ముఖం మీద ఆనిస్తే తాళంలో తాళంచెవి కూర్చున్నట్టు కూర్చుంటుంది. తగిలేది ముందు అంచు ఒక్కటే కాబట్టి మూల 88 అయినా 92 అయినా పట్టించుకోదు, రేపు చెక్క కాస్త ముడుచుకున్నా సందు పడదు. మొదటి రెండు మూడు చండాలంగా వస్తాయి, అది మామూలే. మీ పాడైన మూడు బద్దలూ పారెయ్యకండి, సాధన చేయడానికి అంతకంటే మంచి సరుకు దొరకదు.

బయటి మూలలకి మాత్రం మైటర్ తప్పదు. అక్కడ కోణం కొలిచి, రెండు కోతలకీ జిగురు పూసి, గోడకి బిగించే ముందే అతికించుకుంటే తర్వాత విడిపోదు.

ప్రశ్న: పీఓపీ, చెక్క, ఎండీఎఫ్, పాలీయురెథేన్, థర్మోకోల్. ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. ఏది తీసుకోవాలో తేల్చి చెప్పండి.

ఎవరు బిగిస్తారో చెబితే ఏది కొనాలో చెబుతానండీ. మీరే బిగించుకుంటే పాలీయురెథేన్, అదే గట్టి ఫోమ్‌లాంటి ప్లాస్టిక్ రకం. తేలిగ్గా ఉంటుంది, మామూలు చేతి రంపంతో తెగుతుంది, చెమ్మకి ఉబ్బదు, చెద పట్టదు, జిగురుతోనే నిలుస్తుంది. దానికున్న లోపం వేడికి పొడవులో సాగడం, చలికి ముడుచుకోవడం. అందుకని ముక్కకీ ముక్కకీ మధ్య అతుకులో కూడా దాని జిగురు నిండుగా పెట్టాలి, లేకపోతే గీతలు పడతాయి. చెక్క ఇందుకు ఉల్టా, పొడవులో దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం చెమ్మని బట్టి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. అందుకే కొన్న రోజే కోసి బిగించకుండా రెండు మూడు రోజులు అదే గదిలో పడుకోబెట్టి ఉంచాలి. వెనక వైపు కూడా ఒక కోటు ప్రైమర్ వేస్తే మెలి తిరగడం తగ్గుతుంది.

చెక్క గీతలు కనబడేలా పాలిష్ పెట్టాలంటేనే అసలు చెక్కకి వెళ్లండి. మీద రంగు వేసేస్తున్నప్పుడు మంచి చెక్క ఎందుకు, ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసిన పలక) నున్నగా ఉంటుంది, ముడులుండవు, కోపింగ్‌కీ లొంగుతుంది. నీళ్లు తగిలితే మాత్రం రస్కులా ఉబ్బుతుంది, మళ్లీ మామూలు కాదు. కాబట్టి బాత్రూముల్లో, కారే శ్లాబు కింద వద్దు. కోసేటప్పుడు లేచే పొడి చాలా సన్నం, ముక్కుకి మాస్కు లేకుండా మొదలుపెట్టకండి.

మంచి చెయ్యి ఉన్న పీఓపీ పనివాడు దొరికితే నా ఓటు దానికే. ఆ పదార్థంలోనే ఒక తమాషా ఉంది. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులో ఉండే నీటిలో ముప్పావు వంతు పోయి పొడి అవుతుంది. మనం నీళ్లు కలపగానే ఆ పొడి పోయిన నీటిని మళ్లీ పట్టుకుని రాయి అవుతుంది, అలా అవుతూ కాస్త వేడెక్కుతుంది, కాస్త వ్యాకోచిస్తుంది కూడా. ఆ వ్యాకోచం వల్లే అచ్చులోని సన్నని గీత కూడా నింపుకుని వస్తుంది. ప్యారిస్ దగ్గర మోమార్త్ర గుట్టల్లో ఈ రాయి దండిగా ఉండేది, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పేరు అలా వచ్చిందే. పీఓపీ బోర్డర్‌లో అతుకు కనబడకుండా చేయొచ్చు, మంటకి అంటుకోదు. బరువు మాత్రం ఎక్కువ, జిగురు ఒక్కటే నమ్ముకోకుండా స్క్రూలు కూడా వేయించండి. చెమ్మ దిగే గోడ మీద అది కూడా నిలవదు.

థర్మోకోల్ గురించి ఏం చెప్పను. చవక. నొక్కితే సొట్ట పడుతుంది. 100 డిగ్రీల దగ్గరికి వస్తే మెత్తబడుతుంది, నిప్పంటుకుంటే కరిగి కారుతుంది. వంటగదిలో వద్దనే వద్దు.

ప్రశ్న: థర్మోకోల్ బోర్డర్ అప్పటికే కొనేశాం. ఒక ముక్కకి జిగురు రాయగానే గుంతలు పడి కరిగిపోయింది. సరుకు నకిలీదా?

సరుకు మంచిదేనండీ, జిగురే దానికి పడదు. ఘాటైన వాసన వచ్చే రబ్బరు జిగుర్లు, థిన్నర్ కలిసే ఎనామిల్ రంగులు, స్ప్రే రంగులు, వీటిలోని ద్రావకాలు థర్మోకోల్‌ని కరిగించేస్తాయి. నీళ్లతో కలిపే జిగురు, నీళ్లతో కలిపే ఎమల్షన్ రంగు వాడండి. ఏది వాడినా ముందు ఒక తుంపు ముక్క మీద పూసి గంట ఆగి చూడండి.

ప్రశ్న: మా సీలింగ్ ఎత్తు 8 అడుగుల చిల్లర. మోల్డింగ్ పెడితే గది ఇంకా కుదించుకుపోయినట్టు ఉంటుందని ఒకరు, ఎత్తుగా కనిపిస్తుందని ఒకరు. ఎవరి మాట నిజం?

సైజుని బట్టి, రంగుని బట్టి ఇద్దరి మాటా నిజమే. 8 అడుగులకి 3 నుంచి 4 అంగుళాల బద్ద చాలు, 9 అడుగులకి 4 నుంచి 6 దాకా, 10 అడుగులు దాటితే 6 నుంచి 8 దాకా వెళ్లొచ్చు. ఇది చట్టం కాదు, చాలామంది చేతిలో కుదిరిన లెక్క. షోరూములో 7 అంగుళాల బద్ద చూసి మురిసిపోయి తెచ్చుకున్నవాళ్లని చాలామందిని చూశాను, షోరూము సీలింగ్ ఎంత ఎత్తులో ఉందో చూసుకోరు. ఇంటికి తెచ్చి పెడితే చిన్నపిల్లాడికి తాతగారి తలపాగా చుట్టినట్టుంటుంది.

రంగు విషయానికొస్తే, మోల్డింగ్‌కి గోడ రంగే వేస్తే చూపు గోడ వెంట పైదాకా పోతుంది, గోడ పొడుగ్గా అనిపిస్తుంది. సీలింగ్ రంగు వేస్తే సీలింగ్ కిందికి జరిగినట్టుంటుంది, కానీ వెడల్పుగా అనిపిస్తుంది. మీ గదికి మొదటిది నయం. మూడో రంగు మాత్రం వేయకండి, తక్కువ ఎత్తు గదిలో అది గీత గీసి మరీ ఎత్తు ఇంతే అని చూపించినట్టే. కొనే ముందు అట్టపెట్టె కత్తిరించి, రెండు మూడు సైజుల్లో పట్టీలు చేసి, టేపుతో మూలలో అంటించి ఒక రోజు చూసుకోండి. ఎవరి మాటా వినక్కర్లేదు, నాదీ.

ప్రశ్న: మోల్డింగ్‌కీ సీలింగ్‌కీ మధ్య ప్రతి ఏడూ సన్నటి పగులు వస్తోంది. ప్రతిసారీ పెయింటర్ వచ్చి లప్పం పెడతాడు, ఆరు నెలలకి మళ్లీ అదే చోట పగులు. ఇల్లు దెబ్బతింటోందేమోనని టెన్షన్‌గా ఉంది.

సన్నటి గీతలా ఉండి, ఏటా అదే కాలంలో వచ్చి, పెరగకుండా ఉంటే భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. పగులు గోడ మీద ఏటవాలుగా పాకుతున్నా, ఏటికేడు వెడల్పవుతున్నా, తలుపులు పట్టేస్తున్నా అప్పుడు ఇంజనీరుని పిలవండి.

మీది కదలిక వల్ల వచ్చే పగులు. ఎండ నేరుగా తగిలే కాంక్రీటు శ్లాబు పగలు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. 5 మీటర్ల శ్లాబు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది. కింది గోడ అంత వేడెక్కదు కాబట్టి అది అంత సాగదు. ఈ రెండింటి మధ్య నలిగేది మీ మోల్డింగ్. కలప ట్రస్సులతో (కప్పుని మోసే ముక్కోణపు చట్రాలతో) కట్టిన వాలు కప్పుల ఇళ్లలోనూ ఇలాంటి గొడవే ఉంది, అక్కడ చలికాలంలో ట్రస్సు మధ్యలో పైకి లేస్తుంది, దాంతోపాటు సీలింగూ లేస్తుంది, వేసవి రాగానే దిగుతుంది.

గట్టిపడే లప్పం ఈ ఆటకి తట్టుకోదు. ఎన్నిసార్లు పెట్టినా పగులుతుంది, మీ పెయింటర్‌కి మాత్రం ఏటా పని. పాత లప్పం గీకేసి, దుమ్ము తుడిచి, సాగే గుణమున్న అక్రిలిక్ కాక్ (సందులు నింపే మెత్తటి పేస్టు) ట్యూబుతో సన్నగా పట్టించి తడివేలితో నునుపు చేయండి. కొనేటప్పుడు దాని మీద రంగు పడుతుందని రాసుందో లేదో చూసుకోండి. సిలికోన్ తెచ్చారో, దాని మీద రంగు నిలవదు, ఆ గీత ఎప్పటికీ మెరుస్తూనే ఉంటుంది.

కదలిక మరీ ఎక్కువుంటే కాక్ కూడా చాలదు. అప్పుడు మోల్డింగ్‌ని రెండిటికీ కాకుండా ఒక్కదానికే బిగించాలి. శ్లాబు కిందైతే గోడకి మాత్రమే, పై అంచు సీలింగ్‌కి ఆనీ ఆననట్టు వదిలేయాలి. ట్రస్సు కప్పు కిందైతే సీలింగ్‌కి మాత్రమే బిగించాలి, అది సీలింగ్‌తోపాటే లేచి దిగుతుంది, కింది అంచు గోడ మీద జారుతుంది, కిందున్న మనకేమీ తెలియదు. అలా జారినప్పుడు రంగు తేడా కనబడకుండా గోడ రంగుని బద్ద వెనక దాకా ముందే వేసి ఉంచాలి. రెండు వైపులా మేకులు కొట్టి బిగించేసి, ఇక కదలొద్దంటే శ్లాబు వింటుందా?

ప్రశ్న: మాది తాతల నాటి ఇల్లు. పై అంచున పూలు, ఆకుల ప్లాస్టర్ పని ఉంది కానీ సున్నం, రంగు పొరలు పడి పడి ముద్దలా అయిపోయింది. కొట్టేసి కొత్తది పెట్టమంటున్నాడు కాంట్రాక్టరు.

కొట్టనివ్వకండి. ముందు ఒక జానెడు మేర శుభ్రం చేసి చూడండి, లోపల ఏముందో చూశాక మీకే కొట్టబుద్ధి కాదు.

పాత ప్లాస్టర్ కార్నిసులు రెండు రకాలు. గీతలు, వంపులు మాత్రమే ఉన్నవాటిని అక్కడికక్కడే లాగేవాళ్లు. మోల్డింగ్ ఆకారంలో జింకు రేకు కత్తిరించి, దాన్ని ఒక చెక్క బండికి బిగించి, గోడ మీద కొట్టిన బద్ద వెంట ఆ బండిని నడిపిస్తూ తడి ప్లాస్టర్ మీద ముందుకీ వెనక్కీ తోసేవాళ్లు. ప్రతి తోపుకీ కొంచెం కొంచెం నిండి చివరికి గీత తేలేది. బండి మూల దాకా పోలేదు కాబట్టి మూలలన్నీ చేత్తోనే దిద్దాలి, పనివాడి గొప్పతనం మూలలోనే తెలిసేది. పూలు, ఆకులు విడిగా అచ్చు పోసి అతికించేవాళ్లు. 1856లో దెసాషీ అనే ఫ్రెంచి పనివాడు ఇంగ్లండులో ఒక పేటెంటు తీసుకున్నాడు, ప్లాస్టర్‌లో గోనెలాంటి గుడ్డ, చెక్క పేళ్లు కలిపి అచ్చు పోసే పద్ధతి. దాంతో పొడవాటి ముక్కలు వర్క్‌షాపులోనే తయారుచేసి తెచ్చి బిగించడం తేలికైంది. పైకెక్కి వెనక వైపు చూడగలిగితే, గుడ్డ పోగులు కనిపిస్తే మీది ఆ రకం.

శుభ్రం చేసే పని ఓపికతో కూడుకున్నది. సున్నం పొరలైతే నీళ్లు చిలకరించి నానబెడితే మెత్తబడతాయి, చెక్క పుల్లతో, పాత టూత్‌బ్రష్‌తో మెల్లిగా తీయాలి. ఇనప గరిట పెట్టారో ఆకు అంచు ఎగిరిపోతుంది. నీళ్లు కూడా అతిగా పోయకండి, ప్లాస్టర్ తానే మెత్తబడుతుంది. నూనె రంగుల పొరలుంటే జాగ్రత్త, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ, పొడిగా ఎమరీ కాగితం రుద్దడం, మంటతో కాల్చడం రెండూ ప్రమాదమే. ముందు పరీక్ష చేయించండి, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించండి. విరిగిన పువ్వుకి బాగున్న పువ్వు మీద సిలికోన్ రబ్బరుతో అచ్చు తీసి కొత్తది పోసుకోవచ్చు. ఈ పనంతా కొత్త బోర్డర్ కంటే ఎక్కువ రోజులు పడుతుంది, మీ కాంట్రాక్టరు కొట్టేద్దామన్నది అందుకే అయ్యుంటుంది.

ప్రశ్న: కొన్ని మోల్డింగుల మీద పళ్ల వరసలా చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి. అది దేనికి గుర్తు? ఊరికే అందానికేనా?

ఇప్పుడు అందానికే, మొదట కాదు. గ్రీకు, రోమన్ కట్టడాల్లో స్తంభాల మీద మూడు అంతస్తుల దూలం ఉంటుంది, దాంట్లో అన్నిటికంటే పైది కార్నిస్. ముందుకి పొడుచుకొచ్చి వాననీరు గోడ మీద పడకుండా దూరంగా విసరడం దాని పని. ఆ పళ్ల వరసని డెంటిల్ అంటారు, లాటిన్‌లో పంటికున్న మాట నుంచే వచ్చింది. క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ మాట ప్రకారం అవి కలప కట్టడాల్లో బయటికి కనబడే వాసాల కొసలకి అనుకరణ. కలప పోయి రాయి వచ్చినా కొసలు మాత్రం రాతిలో చెక్కుతూ వచ్చారు. మామూలు మోల్డింగ్‌లో కనిపించే పాము మెలిక లాంటి వంపుని సైమా అంటారు, గ్రీకులో అల అని అర్థం. బయట వాన కోసం పుట్టింది చివరికి వాన పడని గదిలోకి వచ్చి కూర్చుంది.

డెంటిల్ రకం కొంటే ఒక చిక్కు చెబుతాను. మూలలో పన్ను సగానికి తెగకూడదు. రెండు చివరలా ఒకేలా రావాలంటే మధ్య నుంచి లెక్కవేసుకుని, పన్నుకీ పన్నుకీ మధ్య సందులోనే కోత పడేలా చూడాలి. మొదటిసారి చేసేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ప్రశ్న: మా పై గదిలో సీలింగ్ ఒక వైపు వాలుగా దిగుతుంది. అక్కడ కూడా చుట్టూతా తిప్పొచ్చా?

తిప్పడం కష్టం. మట్టంగా వస్తున్న బద్ద, వాలు ఎక్కే బద్ద ఒక మూలలో కలిస్తే రెండింటి వంపులూ ఒకదానికొకటి అందవు, ఎలా కోసినా అంతే. మధ్యలో ముక్కోణపు ముక్క పెట్టి మలుపు తిప్పేవాళ్లున్నారు, చూడ్డానికి అతుకుల బొంతలా ఉంటుంది. వాలు ఉన్న గదిలో చదును పట్టీ వేసుకోండి, లేదా మట్టంగా ఉన్న రెండు గోడలకి వేసి, చివర్లని బద్ద ఆకారంలోనే గోడ వైపు మలిచి ముగించండి.

ప్రశ్న: మోల్డింగ్ వెనక ఎల్ఈడీ పట్టీ దాచాలని ఉంది. మామూలు మోల్డింగ్‌కే పెట్టొచ్చా?

మూలకి అతికిన బద్ద వెనక లైటు పెడితే వెలుతురు బయటికి ఎలా వస్తుందండీ? దీనికి బద్దని సీలింగ్ నుంచి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి దించి, పైన తెరిచి ఉంచాలి. గది మధ్యలో నిలబడినా, మంచం మీద పడుకున్నా పట్టీ కళ్లకి కనబడకూడదు, దాని వెలుతురే కనబడాలి. పట్టీని నేరుగా అతికించకుండా అల్యూమినియం ఛానెల్‌లో పెట్టండి, వేడి పోతుంది, పట్టీ ఎక్కువ కాలం మన్నుతుంది. పైన సీలింగ్‌కి మెరుపు లేని రంగు వేయండి, మెరిసే రంగైతే ఒక్కో దీపం చుక్క చుక్కలా ప్రతిబింబిస్తుంది. ఆ తెరిచిన గాడిలో దుమ్ము పేరుకుంటుంది, తుడిచే ఓపిక ఉందో లేదో ఇప్పుడే ఆలోచించుకోండి.

ప్రశ్న: సీలింగ్ ఎత్తుపల్లాలుగా ఉంది. బద్ద బిగిస్తే అక్కడక్కడా వెలుతురు కనబడేంత ఖాళీ వస్తోంది. రసమట్టం చూసి బిగించాలా, సీలింగ్‌తో పాటే పోనివ్వాలా?

సీలింగ్‌తో పాటే పోనివ్వండి, కాకపోతే కొంచెం మోసం చేస్తూ. రసమట్టానికి బిగిస్తే సీలింగ్ వంకర అంతా పై అంచున బట్టబయలవుతుంది. మొత్తంగా సీలింగ్‌నే నమ్ముకుంటే కింది అంచు పాములా పోతుంది. ముందు గది చుట్టూ సీలింగ్ ఎక్కడ అన్నిటికంటే కిందికి ఉందో పట్టుకోండి, అక్కడ బద్ద కింది అంచు ఎక్కడికి వస్తుందో గుర్తు పెట్టి, గోడ మీద రంగు దారంతో గీత కొట్టుకోండి. కింది అంచు ఆ గీత మీద నిలవాలి. పైన 3 మిల్లీమీటర్ల లోపు ఖాళీలు కాక్ మింగేస్తుంది. అంతకు మించితే బద్దని అక్కడ ఒక వెంట్రుకవాసి పైకి జరపండి, 2 మీటర్ల పొడవులో 2 మిల్లీమీటర్లు పైకి పోతే ఎవరి కంటికీ ఆనదు. ఇంకా పెద్ద గుంత ఉంటే మోల్డింగ్‌తో కప్పకండి, ముందు సీలింగ్‌ని లప్పంతో సరిచేయించండి.

ప్రశ్న: నేనొక్కదాన్నే బిగించుకోవాలి. పొడవాటి బద్దని పైన పట్టుకోవడానికి రెండో మనిషి లేరు. కుదురుతుందా అండీ?

కుదురుతుందమ్మా, నేను చాలాసార్లు ఒక్కణ్నే చేశాను. బద్ద కింది అంచు కోసం గోడ మీద కొట్టుకున్న గీతకి ఆనుకుని, దూరపు కొసన గోడకి ఒక మేకు సగం దాకా కొట్టి వదిలేయండి. బద్ద ఆ కొసని మేకు మీద ఆనించి, ఈ కొస నుంచి బిగించుకుంటూ వెళ్లండి. చివరికి మేకు పీకేసి చిల్లుకి లప్పం పెట్టండి. మూలల వెంట ముందుగా ముక్కోణపు చెక్క దిమ్మెలు, అదే వాలుకి కోసి, అరమీటరుకి ఒకటి చొప్పున స్క్రూ చేసుకుంటే ఇంకా సులువు, దిమ్మె ఉన్న చోట మేకు గట్టిగా దిగుతుంది. దిమ్మె బద్ద వీపుకి గట్టిగా తగలకూడదు, 3 మిల్లీమీటర్లు వదులుగా ఉండేలా కొయ్యండి, లేదంటే బద్ద మూలలోకి పూర్తిగా కూర్చోదు.

కొలతలన్నీ గోడకి తగిలే అంచు మీదే తీసుకోండి. సరుకు గది చుట్టుకొలతకి పదో వంతు ఎక్కువ తెచ్చుకోండి, మొదటిసారైతే ఇంకాస్త. తలుపు తీయగానే ఎదురుగా కనబడే గోడతో మొదలుపెట్టండి. ఆ గోడ ఒక బద్దకి అందనంత పొడవుంటే రెండు ముక్కల్నీ 45కి ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా, దిమ్మె ఉన్న చోటే జిగురుతో అతకండి. నిటారు కోతలు రెండూ ఎదురెదురుగా పెడితే ఆ గీత ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. పక్క గోడలకి ఒక చివర కోపింగ్, ఒక చివర నిటారు కోత. ఆఖరి గోడకి మాత్రం రెండు చివరలా కోపింగ్ తప్పదు. ఆ ముక్కని కొలతకంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడుగు కొయ్యండి, రెండు కొసలూ మూలల్లో పెట్టి, మధ్యలో విల్లులా వంచి, అరచేత్తో ఒక్క తోపు తొయ్యండి. టక్కుమని కూర్చుంటుంది.